పేడ ఎవరిదో తేల్చుకున్నాకే పునాది తవ్వండి

ఉమ్మడి పశువుల కొట్టం గురించి జరిగిన మొదటి సమావేశంలో రేకుల కప్పు ఎంత ఎత్తున ఉండాలో గంటన్నర మాట్లాడుకున్నారు. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలో ఇంకో అరగంట. అందరూ లేవబోతుండగా, అరుగు చివర కూర్చున్న ఒక పెద్దావిడ అడిగింది: "అందరి గొడ్లనూ ఒకచోట కట్టేస్తారు, బాగానే ఉంది. మరి పేడ ఎవరిదయ్యా?" మగవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికే పదహారేళ్లుగా పశువైద్యశాలలో సహాయకుడిగా పనిచేస్తున్నాను. అక్కడ నవ్వకూడనివాడు ఎవరైనా ఉన్నారంటే నేనే.

కొట్టం తెరిచిన మూడో నెలలో గొడవ పేడ దగ్గరే మొదలైంది. ఒకాయన రెండు పశువులు కట్టి పెద్ద గంపతో ఎత్తుకెళ్తున్నాడు. నాలుగు పశువులున్న ఇంటివాళ్లు వచ్చేసరికి నేల ఊడ్చినట్టు ఉంటోంది. మాటా మాటా పెరిగింది. నీళ్ల కుళాయి దగ్గర ఒకసారి, కరెంటు లెక్క దగ్గర ఇంకోసారి అదే కోపం పైకి వచ్చింది. పదకొండో నెలలో గేటుకు తాళం పడింది, పశువులు ఎవరి పెరట్లోకి అవి తిరిగి వెళ్లిపోయాయి. లక్షణంగా కట్టిన కొట్టంలో కొన్నాళ్లు ఎవరో ఇటుకలు దాచుకున్నారు.

తరవాత ఇంకోచోట కట్టిన రెండో కొట్టానికి నేను కార్యదర్శిగా ఉన్నాను. అది నడుస్తోంది. రెండింటి కొలతలూ ఇంచుమించు ఒకటే, రేకులూ అవే. గోడలు లేవకముందు మాట్లాడుకున్న మాటలే వేరు. నా దగ్గరికి వచ్చేవాళ్లు సాధారణంగా కొట్టం పటం అడుగుతారు. పటం ఇస్తాను గానీ, ముందు కింద రాసినదంతా చెప్పాకే ఇస్తాను.

ఎవరిని కూర్చోబెట్టాలి

"ఊరందరికీ కబురు చేశాం" అంటే నేను నమ్మను. కబురు అందుకుని వచ్చేది తీరిక ఉన్నవాళ్లు. పశువు ఎవరి చేతుల మీదుగా బతుకుతోందో వాళ్లకు తీరిక ఉండదు. కాబట్టి ఒక పని చేయండి. తెల్లవారుజామున ఒక ఇంటి పశువు దగ్గర నిలబడి, రాత్రి పడుకునేదాకా దాన్ని ఎవరెవరు తాకారో వరసగా రాసుకోండి. పేడ తీసింది ఎవరు, పాలు పిండింది ఎవరు, గడ్డి కోసుకొచ్చింది ఎవరు, నీళ్లకు తోలింది ఎవరు, దూడను విడిచి కట్టింది ఎవరు. నేను రాసిన కాగితంలో పదకొండు పనులుంటే ఎనిమిది ఆ ఇంటి ఆడవాళ్లవి, రెండు పిల్లలవి. యజమానిగా సంతకం పెట్టే మనిషికి మిగిలింది పాల డబ్బు తెచ్చుకునే పని.

మొదటి కొట్టానికి స్థలం ఎంచింది ఆ సంతకాలు పెట్టేవాళ్లే. ఊరి బయట చవిటి నేల, ఎవరికీ అడ్డం కాదు, బాగుందనుకున్నారు. చీకటితోనే బిందె పట్టుకుని ఒక్కతే ఆ దారిన నడవాల్సిన మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. రెండోసారి మూడు స్థలాలు అనుకుని, పాలు పిండేవాళ్లను తెల్లవారుజామున నాలుగున్నరకు ఒక్కో స్థలానికి నడవమన్నాం. మొదటి స్థలం దగ్గరే, కానీ దారిలో కుక్కలు. రెండోదానికి వెలుతురు లేదు. మూడోది కొంచెం దూరమైనా దారి పొడవునా ఇళ్లున్నాయి. అదే ఖాయమైంది. పటాలు ముందేసుకుని నెల రోజులు వాదించుకున్నా తేలనిది ఆ మూడు ఉదయాల్లో తేలింది.

పశువులు లేనివాళ్లనూ పిలవాలి, ఇది చాలామందికి నచ్చదు. వాసనా ఈగలూ ముందు వెళ్లేది పక్కింటివాళ్లకే. ఖాళీగా కనిపించే స్థలం నిజంగా ఖాళీగా ఉందో లేదో కూడా చూడాలి. మొదటి కొట్టం కట్టిన చోట అంతకుముందు రెండు మేకల మందలు మధ్యాహ్నం పూట విశ్రాంతి తీసుకునేవి. కాపర్లను ఒక్కమాట అడగలేదు. కంచె మూడుసార్లు తెగింది. "దొంగలు" అని మేం పోలీసులదాకా వెళ్లాం. కంచె ఎందుకు తెగుతోందో కాపర్లకూ తెలుసు, మాకూ తెలుసు. రెండోచోట తూర్పు వైపు ఒక నీళ్ల తొట్టి బయటికి పెట్టి, మందలు ఎప్పుడైనా వచ్చి తాగవచ్చని రాసిచ్చాం. కంచె ఇప్పటిదాకా తెగలేదు.

అందరినీ ఒకేసారి కూర్చోబెట్టకండి. ముందు పాలు పిండేవాళ్లతో విడిగా, గడ్డి నేల లేనివాళ్లతో విడిగా, పక్క ఇళ్లవాళ్లతో విడిగా మాట్లాడి, వాళ్ల మాటలు రాసుకుని, ఆ కాగితాన్ని పెద్ద సమావేశంలో పైకి చదవండి. పెద్దల ముందు నోరు విప్పనివాళ్లు కూడా, తమ మాట కాగితం మీద ఉందని తెలిస్తే తల ఊపుతారు. పాలు కొనేవాళ్లు, పశువైద్యుడు, పంచాయతీ పెద్దలు, అప్పు ఇచ్చే సంస్థ తరవాత రావాలి. వాళ్లు ముందు వస్తే మాట్లాడుకోవడం ఆగిపోయి దరఖాస్తులు మొదలవుతాయి.

అసలు కొట్టమే కావాలా?

నా సలహా: మొదటి ఏడాది కొట్టం కట్టకండి. పశువును కదలకుండా నిలబెట్టే బోను ఒకటి, నీళ్ల తొట్టి ఒకటి, నీడ కొంచెం. అంతే. నాలుగు గట్టి గుంజలు, అడ్డంగా గొట్టాలు, కింద జారని నేల ఉంటే బోను తయారు. టీకాలకూ, కృత్రిమ గర్భధారణకూ, చూడి పరీక్షకూ అదే చాలు. అది లేక ఒక గేదె తన్నితే నా ఎడమ మోకాలు ఇప్పటికీ వాన ముందు చెప్పేస్తుంది.

ఈ చిన్న వస్తువుతో మీ ఊరి గుణం తెలుస్తుంది. తొట్టిలో నాచు పడితే ఎవరు కడుగుతున్నారు? గొట్టం విరిగితే ఎన్ని రోజులకు బాగుపడుతోంది? ఒక తొట్టిని పన్నెండు నెలలు శుభ్రంగా ఉంచుకోలేనివాళ్లు నలభై పశువుల కొట్టాన్ని నడపలేరు. ఉంచుకోగలిగితే రెండో ఏడాది గడ్డి కత్తిరించే యంత్రం, పాతర గడ్డి గొయ్యి, మూడో ఏడాది కొట్టం. పాతర గడ్డిలో ఉమ్మడికి మంచి లాభం ఉంది. జొన్నో మొక్కజొన్నో గింజ పాలు పట్టే దశలో కోసి, రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసి, గొయ్యిలో పొరపొరగా తొక్కి, గాలి చొరకుండా మూసేస్తే సుమారు 45 రోజులకు తయారవుతుంది. తొక్కడానికి ఒక ఇంటివాళ్లు సరిపోరు, పదిమంది కావాలి. గొయ్యి తెరిచాక ఒక పక్క నుంచే నిలువుగా కోసుకుంటూ రోజూ వాడాలి. తలా ఒక మూల తవ్వితే వారంలో బూజు పడుతుంది.

గడ్డి కత్తిరించే యంత్రం గురించి ఒక్క మాట. దాన్ని ఎవరు పడితే వాళ్లు తిప్పనివ్వకండి. ఇద్దరికి నేర్పి, వాళ్లే తిప్పేలా చూడండి. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఎన్ని పశువులు, ఎంత జాగా

స్విట్జర్లాండ్‌లో టోర్‌బెల్ అనే కొండ ఊరు ఉంది. 1517లో అక్కడివాళ్లు ఉమ్మడి పచ్చిక మీదికి పంపే ఆవుల గురించి ఒక కట్టుబాటు రాసుకున్నారు: చలికాలంలో తన మేతతో ఎన్ని ఆవులను పోషించగలడో అంతకు మించి ఎవరూ కొండ మీదికి తోలకూడదు. ఉమ్మడి పశుపోషణ మీద నేను విన్న కట్టుబాట్లలో ఇంత పదునైనది ఇంకొకటి లేదు. డబ్బున్నవాడు వేసవిలో ఇరవై ఆవులు కొనుక్కొచ్చి అందరి గడ్డీ మేపే వీలు లేకుండా పోయింది, అది కూడా ఎవరినీ పేరు పెట్టి అడ్డుకోకుండానే.

మేం దాన్నే మా లెక్కలోకి మార్చుకున్నాం. ఒక పెద్ద పశువుకు రోజుకు సుమారు 20 నుంచి 25 కిలోల పచ్చిగడ్డి, 5 కిలోల దాకా ఎండుగడ్డి కావాలి. ఏడాది మొత్తానికి ఆ మేత ఎక్కడి నుంచి తెస్తారో చూపించినన్ని పశువులకే చోటు. నేల లేనివాళ్లు కూలికి బదులు గడ్డి తెచ్చుకుంటామన్నా లెక్కే. ఇంకో నియమం కూడా పెట్టాం: ఒకే పశువున్న ఇళ్లకు ముందు చోటు ఇచ్చాకే రెండో పశువు, మూడో పశువు. ఇది కొందరు పెద్ద రైతులకు మింగుడుపడలేదు. ఇద్దరు బయటికి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకాయన రెండేళ్లకు తిరిగి వచ్చి, వరసలో నిలబడ్డాడు.

కొలతలు పెద్ద విద్యేమీ కాదు. పెద్ద ఆవుకు కప్పు కింద 3.5 చదరపు మీటర్లు, బయట తిరగడానికి 7. గేదెకు 4, 8. మేత గాడిలో ఒక్కో పశువుకు 60 నుంచి 75 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. తక్కువైతే బలమైనది తింటుంది, బక్కది చూస్తుంది. నలభై ఆవులకు కప్పు కింద 140 చదరపు మీటర్లు, బయట 280 అవుతాయి. వేడి ప్రాంతాల్లో కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ తక్కువ సోకుతుంది. నేల ప్రతి 40 నుంచి 60 అడుగులకు ఒక అడుగు వాలుగా ఉంటే మూత్రం కాలవలోకి జారుతుంది. అంతకన్నా ఏటవాలుగా చేస్తే చూడి పశువులు జారతాయి. నేలను నునుపుగా చేసి మెచ్చుకునే మేస్త్రీలు దొరుకుతారు, చీపురుతో గరుకు గీతలు గీయించండి.

పటంలో ఎప్పుడూ మరిచిపోయేవి రెండు గదులు. ఈనే పశువుకు 12 చదరపు మీటర్ల విడి గది ఒకటి. జబ్బు పశువుకు, మిగతా వాటికి దూరంగా, గాలి అటు నుంచి ఇటు రాని దిక్కున ఇంకొకటి. ఖర్చు తగ్గించమంటే అందరూ ముందు కొట్టేసేది ఈ రెండింటినే. కావాలంటే పది పశువుల చోటు తగ్గించండి, ఈ గదులు తీసేయకండి.

ఇక పేడ

ఒక పెద్ద పశువు రోజుకు 10 నుంచి 15 కిలోల పేడ వేస్తుంది. నలభై పశువులంటే ఉదయానికి దాదాపు అర టన్ను. ఇది చెత్త కాదు. పొలం ఉన్నవాడికి ఎరువు, లేనివాడికి పిడక. చెరువు నిండా నీళ్లున్నప్పుడు ఎవరూ వాటాలు అడగరు గానీ, ప్రతి ఉదయం కళ్లముందు కుప్ప పడే దాన్ని అందరూ అడుగుతారు.

రెండో కొట్టంలో పెద్దావిడ ప్రశ్నతోనే మొదటి సమావేశం మొదలుపెట్టాం. మూడు దారులు కనిపించాయి. ఎవరి పేడ వారిది అనవచ్చు. కానీ రాత్రి విప్పి వదిలిన పశువుల పేడ ఏది ఎవరిదో ఎలా చెబుతాం? మొత్తం అమ్మి డబ్బు పంచవచ్చు. అలా చేస్తే పిడకల మీద పొయ్యి నడిపే ఇళ్లు కట్టెలు కొనుక్కోవాలి. మూడోది గోబర్ గ్యాస్. కిలో పేడకు సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది, అంటే 25 కిలోలకు ఒక ఘనపు మీటరు. రోజుకు రెండు ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే చిన్న గుంతకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు చాలు. గ్యాస్ పోయాక మిగిలే బురదలో ఎరువు సారం అలాగే ఉంటుంది, కలుపు విత్తనాలూ చాలావరకు చస్తాయి.

చివరికి మూడూ కలిపాం. రోజూ 50 కిలోలు ముందు గ్యాస్ గుంతకు. ఆ గ్యాస్ పాల గిన్నెలు కడిగే వేడి నీళ్లకు, దాణా ఉడికించడానికి. మిగిలిన పేడ పశువుల లెక్కన గంపల్లో ఇళ్లకు. ఊడ్చి ఎత్తే పనిలో ఉన్న రెండు ఇళ్లకు, పశువు లేకపోయినా, కూలికి అదనంగా రోజుకు ఒక గంప చొప్పున. ఈ చివరి మాట మీద వాదన మూడు సాయంత్రాలు నడిచింది. "కూలి ఇస్తున్నాంగా" అని ఒకాయన. పెద్దావిడే తేల్చింది: "నువ్వు ఎత్తు, గంప నువ్వే తీసుకో."

పాత గొడవ అసలు గుట్టు గంపలోనే ఉందని అప్పుడు తెలిసింది. ఎవరి గంప వారిది. ఒకరిది పది కిలోలు పట్టేది, ఒకరిది ఇరవై. అందుకని ఒకే కొలత గంపలు ఆరు చేయించి, అంచుకు నీలం రంగు పూయించి, కొట్టంలోనే ఉంచాం. బయటి గంప లోపలికి రాకూడదు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. ఆ నీలం అంచు మా దగ్గర ఎన్నో తగవులను పుట్టకముందే ఆపింది.

తాళంచెవి

మొదటి కొట్టంలో ఒకే తాళంచెవి ఉండేది, అది అధ్యక్షుడి మొలతాడుకు వేలాడేది. ఒక రాత్రి ఒక ఆవు ఈనడం మొదలుపెట్టింది. యజమానురాలు గేటు దగ్గర నిలబడి లోపలి అరుపులు వింటోంది, అధ్యక్షుడు పెళ్లికి వెళ్లాడు. ఎవరో పరుగెత్తుకొచ్చి నన్ను లేపారు. గోడ దూకి లోపలికి వెళ్లి, ఫోను వెలుతురులో చూస్తే దూడ ముందు కాలు ఒకటి మడత పడి అడ్డం తిరిగి ఉంది. సర్ది లాగేసరికి ఆలస్యమైంది. తల్లి బతికింది. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. దూడను గోనెలో చుట్టుకుని, గేటు తెరిచేదాకా ఆ గోడ పక్కనే కూర్చుంది.

తాళంచెవులు కనీసం రెండు ఉండాలి. ఒకటి రాత్రి కాపలా మనిషి దగ్గర, ఒకటి గేటుకు దగ్గరలో ఉండే, ఊరు దాటి పెద్దగా వెళ్లని ఇంట్లో. పదవిని చూసి కాదు, ఇంట్లో ఎప్పుడూ మనిషి ఉంటారా అన్నది చూసి ఇవ్వండి. ఆవు చూడి సుమారు 280 రోజులు, గేదెకు 310 దాకా. చూడి కట్టించిన తేదీ రాసి ఉంటే ఈనే వారం ముందే తెలుస్తుంది. ఆ వారంలో యజమాని మనిషికి రాత్రి లోపల పడుకునే హక్కు ఉందని కట్టుబాట్లలో రాయండి.

రాత్రి కాపలా వల్ల ఇంకో లాభం ఉంది, మొదట్లో మాకు తట్టలేదు. ఎద లక్షణాలు రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువ కనిపిస్తాయి. గేదెల్లోనైతే మూగ ఎద, అరవవు కూడా. ఇళ్లలో విడివిడిగా కట్టినప్పుడు ఎంతోమంది దాన్ని గమనించకుండా దాటేసేవారు. ఒక ఎద పోతే మళ్లీ 21 రోజులు ఆగాలి, అన్నాళ్ల మేత దండగ. మా కాపలాదారుకు పుస్తకం, పెన్సిల్ ఇచ్చి, వెనక నుంచి జిగురు తీగలా కారినా, ఒకదాని మీద ఒకటి ఎక్కినా పశువు చెవిపోగు సంఖ్య రాయమన్నాం. పొద్దున ఎదలో కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున కృత్రిమ గర్భధారణ ఇంజెక్షన్. కాపలా కూలి దండగ అన్నవాళ్లు మొదటి ఏడాది చూడి లెక్కలు చూశాక మాట మార్చారు.

జబ్బును దాచనివ్వని కట్టుబాటు

పశువులను కలిపి కడితే జబ్బులూ కలుస్తాయి. దీన్ని దాచిపెట్టి ఉమ్మడి కొట్టం మంచిదని చెప్పేవాళ్లను నమ్మకండి.

మొదటి కొట్టంలో పలుకుబడి ఉన్న ఒక సభ్యుడు సంతలో కొన్న గేదెను రాత్రికి రాత్రి తెచ్చి లోపల కట్టేశాడు. ఐదో రోజు దాని నోటి నుంచి చొంగ తాడులా వేలాడింది, గిట్టల మధ్య పొక్కులు. గాలికుంటు. వైరస్ సోకిన రెండు నుంచి పద్నాలుగు రోజుల్లో లక్షణాలు బయటపడతాయి కాబట్టి, మేం చూసేసరికి పక్కవాటికి పాకింది. అంతకన్నా కష్టమైన సంగతి ఏమిటంటే, తమ పశువు నోట్లో పొక్కులు చూసిన ముగ్గురు రెండు రోజులు చెప్పలేదు. చెబితే కొట్టం నుంచి వెళ్లగొడతారనీ, పాలు కొనరనీ భయం. మా కట్టుబాట్లలో జబ్బు తెచ్చినవారికి జరిమానా ఉంది. మేం అనుకోకుండానే దాచమని చెప్పినట్టయింది.

ఇప్పుడు తిరగేసి రాసుకున్నాం. జబ్బు అనుమానం మొదట చెప్పినవారికి, పశువు విడి గదిలో ఉన్నన్ని రోజులు మేత ఉమ్మడి నిధి నుంచి ఇస్తాం. మందు ఖర్చులో సగం కూడా. దాచినట్టు తేలితే మాత్రం చోటు పోతుంది. ఆ తరవాత అబద్ధపు హెచ్చరికలు కొన్ని వచ్చాయి, దాణా ఎక్కువై విరేచనాలు పట్టినా పరుగెత్తుకొస్తారు. రానీయండి.

మిగతావి పశువైద్యుడితో కూర్చుని తేదీలు వేసుకోవాలి. గాలికుంటు టీకా ఆరు నెలలకు ఒకసారి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందు. పెయ్య దూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో బ్రూసెల్లా (చూడి నిలవకుండా ఈసుకుపోయే జబ్బు) టీకా, జీవితంలో ఒక్కసారే. కొత్త పశువు ఎవరిదైనా సరే, ఎంత పెద్దవాళ్లదైనా సరే, నెల రోజులు విడిగా కట్టాలి. వచ్చే ముందు బ్రూసెల్లా, క్షయ పరీక్షలు చేయించాలి. గేటు దగ్గర కాళ్లు ముంచే గుంటలో చాకలి సోడా నీళ్లు, పది లీటర్లకు 400 గ్రాములు. పొదుగువాపు ఉన్నదాన్ని చివర్లో పిండాలి, పిండిన చేతులు కడగాలి. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో ఎత్తకూడదు, బ్రూసెల్లా మనిషికీ వస్తుంది. పశువు ఉన్నట్టుండి చనిపోయి ముక్కు నుంచో వెనక నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారితే కళేబరాన్ని కోయకూడదు, చర్మం తీయకూడదు, వైద్యుణ్ని పిలవాలి.

వైద్యుణ్ని కూడా భాగస్వామిగా చూడండి. ఇంటింటికీ తిరిగితే ఆయనకు రోజంతా పట్టేది, బోను దగ్గర నలభై పశువులను వరసలో నిలబెడితే పూట చాలు. బదులుగా వారంలో ఒక రోజు ఖాయంగా రమ్మని అడిగాం. ఒప్పుకున్నారు, ఎందుకంటే లాభం రెండు వైపులా ఉంది. ఏ సంస్థతోనైనా బేరం ఇలాగే ఉండాలి. కేవలం అడుక్కుంటే ఒకసారి వచ్చి ఫొటో దిగి వెళ్తారు.

డబ్బు, ఓటు, కాగితం

ఖర్చులు మూడు డబ్బాల్లో వేయండి. రోజువారీ నీళ్లు, కరెంటు, శుభ్రం చేసేవారి కూలి ఒకటి. మరమ్మతులది రెండోది. ఆపద డబ్బా మూడోది. మొదటి రెండింటికీ పశువుల లెక్కన కట్టాలి: నాలుగు పశువులున్న ఇల్లు నాలుగు వంతులు. ఓటు మాత్రం ఇంటికి ఒకటే. పాల సహకార సంఘాల్లో ఇది పాత సూత్రమే. 1946లో గుజరాత్‌లో నమోదైన ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘం, తరవాత అమూల్ అయినది, ఊరూరా చిన్న సంఘాలతో అలాగే పెరిగింది. ఒక్క ఆవున్నవారూ పది ఆవులున్నవారూ ఒకే వరసలో పాలు పోసి, వెన్న శాతం చూపించుకుని డబ్బు తీసుకుంటారు. కొలత అందరి కళ్లముందూ జరిగితే అనుమానాలకు చోటుండదు.

మా లెక్కల పుస్తకం బీరువాలో ఉండదు. కొట్టం గోడ మీద నల్లబల్ల ఉంది, ప్రతి నెల మొదటి రోజున మూడు డబ్బాల్లో ఎంతుందో దాని మీద రాసి, చదవడం రానివాళ్ల కోసం ఒకరు పైకి చదువుతారు. ఒకసారి నేను కలపడంలో తప్పు చేశాను, పదో తరగతి చదివే అమ్మాయి అందరిముందు పట్టుకుంది. సిగ్గేసింది గానీ, ఆ రోజు తరవాత లెక్క గురించి నన్ను చాటుగా అనుమానించినవాళ్లు లేరు.

స్థలం సంగతి జాగ్రత్త. ఉదారంగా "నా స్థలం వాడుకోండి" అనేవాళ్లు ఎదురవుతారు. మంచివాళ్లే కావచ్చు, వాళ్ల తరవాత వాళ్ల పిల్లలు వస్తారు. సంఘం పేరున నమోదు చేయించుకోండి, కుదరకపోతే ఏళ్ల లెక్కతో రాతపూర్వక కౌలు తీసుకోండి, అదీ కుదరకపోతే ఆ స్థలం వద్దు. పంచాయతీ స్థలమైతే తీర్మానం ప్రతి దగ్గర ఉంచుకోండి. ఎవరైనా సభ్యత్వం మానుకుంటే వాళ్లు పెట్టిన వాటా ఎంత, ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారో కూడా మొదటిరోజే రాయాలి. విడిపోయే దారి రాసి ఉన్న సంఘాల్లో చీటికిమాటికి విడిపోతామన్న బెదిరింపులు ఉండవు.

శిక్షలు మెట్లు మెట్లుగా ఉండాలి. గంప ఎక్కువ ఎత్తినవాణ్ని మొదటిసారి ఇద్దరు వెళ్లి మాట్లాడాలి. రెండోసారి ఒక రోజు కొట్టం కడగాలి. మూడోసారే చోటు ప్రస్తావన. ఎకాఎకి వెలి వేసే కట్టుబాటును ఎవరూ అమలు చేయలేరు, ఎందుకంటే తప్పు చేసినవాడు ఎవరికో ఒకరికి బావమరిది అవుతాడు.

గుజరాత్‌లోనే సాబర్‌కాంఠా జిల్లా అకోదరా ఊరివాళ్లు ఇళ్లలోని పశువులను ఒకే ఆవరణలోకి మార్చుకున్నారు. అలాంటి చోటికి మీవాళ్లను నలుగురిని తీసుకెళ్లాలనుకుంటే, అధ్యక్షుణ్ని కాకుండా పాలు పిండే ఇద్దరిని, ఊడ్చే ఒకరిని, కొట్టం వద్దని గట్టిగా వాదించే ఒకరిని పంపండి. తిరిగి వచ్చాక ఆ నాలుగో మనిషి మాటే ఊరు వింటుంది.

కొట్టం తెరిచాక మూడో నెల చివర ఒక సాయంత్రం మళ్లీ అందరూ కూర్చోవాలి, తేదీ ముందే గోడ మీద రాసిపెట్టండి. అప్పటికి కాగితం మీద రాసుకున్నవాటిలో మూడో నాలుగో పనికిరావని తేలి ఉంటాయి. మా దగ్గర అలా కొట్టేసిన మొదటి నియమం నేను రాసిందే: తెల్లవారుజామున ఐదింటికి ముందు గేటు తీయకూడదని. పాల బండి ఐదున్నరకు వస్తుంది, పిండేవాళ్లకు గంట కావాలి. రెండో తాళంచెవి ఎవరికివ్వాలన్న ప్రశ్న కూడా ఆ సాయంత్రమే వచ్చింది. గేటుకు ఎదురిల్లు ఒక ముసలావిడది, రాత్రుళ్లు నిద్ర పట్టదు, ఊరు దాటి వెళ్లదు, ఉన్నది ఒక్క గేదె. ఇప్పుడు కొట్టం నాలుగున్నరకు తెరుచుకుంటోంది, తెరిచేది ఆవిడే.